కుక్కను ఎవరు తీసుకుపోయారు

మా పాఠకుల కూటమిలో ఒక పుస్తకం గురించి చెప్పడానికి నేను మొదటిసారి లేచిన రోజున, దాన్ని నడిపే పెద్దాయన నన్ను అందరికీ ఇలా పరిచయం చేశారు. "మన నర్సమ్మగారు కాలక్షేపం పుస్తకాలు బాగ చదువుతరు." అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పాలనుకున్నది చెప్పాకే కూర్చున్నాను. ఆయన ఆ మాట ఎప్పుడో మరచిపోయి ఉంటారు. అన్నవాళ్ళకు మరచిపోవడం సులువు. నాకు అది ఇప్పటికీ ఆయన గొంతుతో సహా వినబడుతుంది.

జనగామలో నెలకోసారి, ఆదివారం పూట, ఒక ప్రైవేటు బడి పై అంతస్తులో మేం కలుస్తాం. పెద్దాయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నేను ఊళ్ళు తిరిగి సూదులు వేసి, గోలీలు పంచే నర్సును. గార్లలో మొదలుపెట్టి, కొత్తగూడ అడవిలో చాలాకాలం చేసి, దేవరుప్పులలో రిటైరయ్యాను. కూటమిలో జనగామవాళ్ళే కాక మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్ళు కూడా ఉన్నారు. జిల్లాలు విడదీయక ముందు అందరం ఒకే జిల్లా మనుషులం. దూరం నుంచి రాలేనివాళ్ళు ఫోన్ గ్రూపులో ఉంటారు. మా పద్ధతి ఏమిటంటే, పుస్తకం సూచించినవాళ్ళే తమ ప్రతిని ఇవ్వాలి. అది చేతులు మారుతూ, ఊళ్ళు తిరిగి, మళ్ళీ సూచించినవాళ్ళ దగ్గరికే రావాలి. చదివినవాళ్ళు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

నేను సూచించేవి యుద్ధం నవలలు, గూఢచారి నవలలు. వేరేవి సూచించను. ప్రకృతి కవిత్వం గురించి చెప్పేవాళ్ళు, పల్లె జీవితం గురించి చెప్పేవాళ్ళు కూటమిలో చాలామంది ఉన్నారు. వాళ్ళు లేచినప్పుడు పెద్దాయన కలం తీసి రాసుకుంటారు. నేను లేచినప్పుడు ఆ కలానికి మూత పెడతారు. కానీ సమావేశం ముందు రోజు నాకు తప్పకుండా ఫోన్ చేస్తారు. "నర్సమ్మా, బీపీ మిషన్ జర యాది పెట్టుకొని తేవాలె తల్లీ." పుస్తకం యాది పెట్టుకొని తెమ్మని ఎన్నడూ అడగలేదు. మీటింగు మొదలయ్యే ముందు కూటమిలో సగం మంది నా ముందు చెయ్యి చాపుకొని కూర్చుంటారు. పట్టీ చుట్టి గాలి కొట్టి అంకె చెబుతాను. ఉప్పు తగ్గించమంటే వింటారు. పుస్తకం చదవమంటే వినరు.

ఇంతగా ఎందుకు పట్టుకు వేళ్ళాడుతున్నానంటే, నా కళ్ళు పోతున్నాయి. హన్మకొండ కంటి దవాఖానలో నీటికాసులు అన్నారు. "పోయిన చూపు మళ్ళ రాదమ్మా. ఉన్నదాన్ని చుక్కల మందుతోని కాపాడుకోవాలె" అంది డాక్టరమ్మ. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తోంది. పేజీలో ఒక మాట కనబడుతుంది, దాని వెనకటి మాట కోసం వేలు పెట్టి వెతుక్కోవాలి. పంక్తి అయిపోయాక కింది పంక్తి మొదలు దొరకదు. మా ఇంట్లో ఒక ఇనప్పెట్టె నిండా ఆ నవలలే ఉన్నాయి. అద్దె పుస్తకాల దుకాణాలు మూతపడుతున్నప్పుడు ఒక్కొక్కటీ ఏరుకున్నవి. నాకు తెలిసినంతలో ఆ పెట్టెలోవి అన్నీ చదివిన మనిషిని నేనొక్కదాన్నే. నాకు పేజీ కనబడకుండా పోయేలోగా ఇంకొక్క మనిషి వాటిని చదవాలి, ముందు ఒక్కటైనా చివరిదాకా చదవాలి. నేను ఫోన్ చేసి, "ఆ మనిషి గట్లెందుకు చేసిండంటవ్?" అని అడిగితే జవాబు చెప్పగలగాలి. "నువ్వు చెప్పేది తప్పు" అని నాతో పోట్లాడగలగాలి. అలాంటి ఒక్కరు దొరికితే పెట్టె వాళ్ళకు ఇచ్చేస్తాను. నేను ఈ కూటమిలో చేరింది అందుకే. కళ్ళ సంగతి మాత్రం కూటమిలో ఎవరికీ చెప్పలేదు. జాలిపడి చదివేవాళ్ళు నాకు అక్కర్లేదు.

ఈ పుస్తకాల దగ్గరికి నేను గార్లలో చేరాను. అప్పుడు ఉద్యోగం కొత్త. స్టేషన్‌కు పోయే దారిలో అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. దుకాణంవాడు నన్ను చూడగానే అత్తాకోడళ్ళ నవల ఒకటి తీసి బల్ల మీద పెట్టేవాడు. నేను పై అరలోవి చూపించి అడిగితే, "గవి మీకెందుకమ్మా, గవి మొగోళ్ళయి" అన్నాడు.

"మా తమ్మునికి" అన్నాను. నాకు తమ్ముడు లేడు.

ఆ లేని తమ్ముడి పేరు మీద పై అర మొత్తం చదివాను. ఒకసారి ఆ దుకాణంవాడు నాకు బుద్ధి కూడా చెప్పాడు. "మీ తమ్ముడు జల్ది జల్ది చదివి పంపుతడమ్మా, షోకు ఉన్న పిలగాడు. మీరు గూడ ఏదన్న చదువుడు అలవాటు చేసుకోరాదు?"

ఆ పుస్తకాల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. వాటిలో మా మాట మాట్లాడేవాడు ఎప్పుడూ తోటమాలి, లేదంటే రిక్షా తొక్కేవాడు. నవ్వించడానికి ఒక పేజీలో వచ్చి వెళ్ళిపోతాడు. సరిహద్దు దాటేవాడు, రహస్యం మోసేవాడు మాత్రం ఎప్పుడూ కోస్తా పుస్తక భాషలోనే ఆలోచిస్తాడు. ఒక్కడు కూడా "గిట్లెందుకైంది" అని మనసులో అనుకోలేదు. అయినా చదివాను. కోపంగానే చదివాను.

కొత్తగూడకు బదిలీ అయ్యాక ఆ పుస్తకాలు నాకు ఇంకో రకంగా అర్థమయ్యాయి. టీకాల డబ్బా భుజాన వేసుకొని అడవిలో గూడేలకు నడిచి పోయేదాన్ని. వచ్చేటప్పుడు దారిలో పోలీసులు ఆపేవాళ్ళు. గూడెంలో ఎవరున్నారు, ఎవరికి కట్టు కట్టినవ్ అని అడిగేవాళ్ళు. ఇంకో రోజు అదే దారిలో అడవి లోపలివాళ్ళు ఆపేవాళ్ళు. పోలీసులకు ఏం చెప్పినవ్ అని అడిగేవాళ్ళు. ఇద్దరికీ నాది ఒకటే జవాబు. "నేను పోరగాండ్లకు సూదులేసెటందుకొచ్చిన." గొంతు మారకుండా, కళ్ళు దించకుండా, మొదటిసారి చెప్పినట్టే ప్రతిసారీ చెప్పాలి. నా జవాబు వల్ల ఎవరికి ఏమవుతుందో నాకు తెలుసు. క్వార్టర్‌కు వచ్చి కిటికీ దగ్గర కూర్చొని నవల తెరిస్తే, అందులో ఒక మనిషి పరాయి దేశంలో ఏళ్ళ తరబడి కూరగాయలు అమ్ముతూ ఉంటాడు. ఎవరికీ తన మీద రెండో ప్రశ్న పుట్టకుండా చూసుకోవడమే అతని ఉద్యోగం. దాన్ని కాలక్షేపం అన్నారు పెద్దాయన.

ఆ పనిలోనే నాకొక పద్ధతి అబ్బింది. గర్భిణులకు రక్తం పట్టడానికి ఐరన్ గోలీలు ఇచ్చేవాళ్ళం. అవి వేసుకుంటే వికారం అని చాలామంది పారేసేవాళ్ళు. వేసుకున్నవా అని అడిగితే వేసుకున్న అక్కా అనేవాళ్ళు. అందుకని ఆ ప్రశ్న మానేశాను. "దొడ్డికి ఏ రంగుల అయితాంది?" అని అడిగేదాన్ని. ఆ గోలీ కడుపులో పడితే నల్లగా అవుతుంది. ఎప్పటిలాగే అవుతుందని చెప్పినామె గోలీలు మింగలేదన్నమాట. అప్పుడు అక్కడే నిలబడి నా ముందే ఒకటి మింగించేదాన్ని.

పుస్తకాలకు కూడా అదే పద్ధతి పెట్టాను. చదివినవా అని అడగను. ఒక్కో పుస్తకానికి ఒక్కో ప్రశ్న ఉంటుంది. చివరిదాకా చదివినవాళ్ళకే దాని జవాబు తెలుస్తుంది. ఆ ప్రశ్నను మార్చను.

నేను కూటమికి ఇచ్చింది ఒక సరిహద్దు చౌకీ నవల. పై అట్ట ఎప్పుడో పోయింది. నేనే గుడ్డ అట్ట కుట్టించాను. మంచు కొండల్లో ఒక చౌకీ, అందులో ఒక వైర్‌లెస్ ఆపరేటర్. చౌకీ సంగతులు అవతలి దేశానికి పోతున్నాయని ఆయన ఒక్కడే కనిపెడతాడు. పంపుతున్నది తన పై అధికారేనని కూడా కనిపెడతాడు. ఎవరికైనా చెప్పాలంటే ఆ అధికారి చేతి మీదుగానే వార్త పంపాలి. నవలంతా ఆయన ఎదురుచూపే. తుపాకి ఒక్కసారే పేలుతుంది, అదీ మనకు దూరం నుంచి వినబడుతుంది. తర్వాత చౌకీ ఎత్తేస్తారు. చౌకీలో ఒక కుక్క ఉంటుంది, ఆపరేటర్ దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికీ రాదు. అప్పటికి ఆపరేటర్ లేడు. ఆ కుక్కను ఎవరు తీసుకుపోయారన్నది చివరి పేజీలో ఉంది. అదే నా ప్రశ్న.

పుస్తకం ముందు పెద్దాయన తీసుకున్నారు. తర్వాతి నెల సమావేశంలో లేచి, "కథనం బిగువుగ ఉన్నది. శైలి సరళం. దేశభక్తి పుష్కలం" అన్నారు.

"కుక్కను ఎవరు తీసుకపోయిండ్రు సార్?" అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కుక్క అనేది అక్కడ ఒక ప్రతీక గదమ్మా."

"ప్రతీకను ఎవరు తీసుకపోయిండ్రు సార్?"

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రోజు బీపీ కూడా చూపించుకోలేదు.

తర్వాత పుస్తకం మహబూబాబాద్ పోయింది, అంటే మేమనే మానుకోటకు. అక్కడ బట్టల దుకాణం నడిపే షావుకారమ్మ ఒకామె ఉంది. గద్దె మీద కూర్చొని చీరలు చూపిస్తూనే పుస్తకాలు చదువుతానంటుంది. ఆమె రైలెక్కి జనగామ వచ్చింది. పుస్తకానికి తన దుకాణం సంచి కత్తిరించి మెరిసే అట్ట వేసి మరీ తెచ్చింది.

"మస్తుగున్నది నర్సక్కా. పట్టుకుంటే ఇడువబుద్ది కాలె" అంది అందరి ముందు.

"కుక్కను ఎవరు తీసుకపోయిండ్రు?"

"కుక్కనా?" అని పక్కవాళ్ళ వైపు చూసింది. "అండ్ల కుక్కేడుందక్కా? నాకైతె పిల్లి గూడ కనవడలె."

గది గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నాకు మండింది. కుక్క రెండో అధ్యాయంలోనే వస్తుంది. ఆపరేటర్ తన రొట్టెలో సగం దానికి పెడతాడు. ఆమె చేతిలోంచి పుస్తకం అందుకొని, లేచి నిలబడి చెప్పాను.

"వంటాయన తీసుకపోతడు. గొలుసు లేదు, తాడు లేదు. ఆయన ముందల నడుస్తడు, కుక్క ఎనుకబోతది. మలుపు కాడ ఆగి, ఒక్కపారి చౌకీ దిక్కు మళ్ళి చూస్తది. గా చూసుడు కోసమే నవలంత రాసిండు. మీరు గది చదువకుంట అట్ట ఏసుకొని వచ్చిండ్రు."

 షావుకారమ్మ నా చేతుల్లోని పుస్తకాన్ని చూసింది. నేను దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకొని పేజీలు వెతుకుతున్నాను. ఆమె చాలాసేపు అలాగే చూసింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. "ఇంత మంచిగ చెప్పినంక ఇంగ మేం చదువుడెందుకక్కా" అని మాత్రం అంది. అది కూడా నేను మరచిపోలేదు.

కొన్నాళ్ళకు ఫోన్ గ్రూపులో ఒక గొంతు వచ్చింది. "ఆపా, గా చౌకీ పుస్తకం నాకు గూడ పంపుతరా? చదువాలని ఉన్నది."

భూపాలపల్లి చెల్లె ఆమె. పుట్టిల్లు మానుకోట. భర్త బొగ్గు బావిలో పని చేస్తాడు. బస్టాండ్ పక్కన జిరాక్స్ దుకాణం నడుపుతుంది. కూటమికి ఎప్పుడూ రాలేదు, గొంతుగానే తెలుసు. అక్కా అనడానికి నన్ను ఆపా అంటుంది. నా పుస్తకాన్ని తానే అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ సందేశాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాను. షావుకారమ్మ వేసిన మెరిసే అట్ట తీసేసి, బస్సు పార్సిల్‌లో పంపాను.

తర్వాత ఆమె నుంచి ఇంకో సందేశం. "అయిపోయింది ఆపా. దిల్ పరేషానయింది. మీతోని మాట్లాడాలె."

ఫోన్‌లో మాట్లాడమని దాని అర్థం. నేను బయలుదేరి పోయాను. జనగామలో బస్సెక్కి హన్మకొండలో దిగి, అక్కడ పరకాల మీదుగా పోయే భూపాలపల్లి బస్సు పట్టుకున్నాను. బోర్డు మీద పేరు నాకు ఆనలేదు. పక్కనున్నాయనను అడిగితే, "రాసున్నది గదమ్మా గంత పెద్దగ" అన్నాడు. ములుగు రోడ్డు దాటాక కిటికీలో పొలాలు ఒక ముక్కగా, నడిమికి మాత్రమే కనబడుతున్నాయి. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. పెట్టెలో ఏది ముందు చదవాలి, ఏది తర్వాత చదవాలి. జలాంతర్గామి నవల రెండోది. కూరగాయలమ్మే ఆయన నవల చివర. అది ముందు చదివితే మిగతావి రుచించవు.

ఆమె దుకాణం చిన్నది. ఒక మిషను, లామినేషన్ పెట్టె, కాగితాల కట్టలు, నిలబడటానికి ఒక మనిషికి చోటు. నన్ను చూసి లేచింది. "అయ్యో ఆపా, మీరొచ్చిండ్రా? నేనే వద్దునుగద" అంటూ తన స్టూలు నాకు వేసింది. చాయ్ తెప్పించింది. పుస్తకం గల్లా పక్కన పెట్టి ఉంది, మధ్యలో ఒక ఫోటో కాగితం ముక్క గుర్తుగా పెట్టి ఉంది.

నేను ఆగలేకపోయాను. "కుక్కను ఎవరు తీసుకపోయిండ్రు?"

"వంటాయన" అంది. వెంటనే చెప్పింది. "గొలుసు గూడ లేకుంట. కుక్క ఎనుకనే పోతది. మలుపు కాడ ఆగి చౌకీ దిక్కు మళ్ళి చూస్తది ఆపా. గప్పుడు నాకు ఏడుపొచ్చింది."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. 

ఒకాయన ఆధార్ కార్డు పట్టుకొని వచ్చాడు. "రెండు దిక్కులు తియ్యి చెల్లె."

"రెండు దిక్కులు ఒక్క కాగితం మీదనే వస్తయి అన్నా."

"ఆఫీసుల ఎట్లడుగుతరో మరి."

"ఎట్ల తీసినా మళ్ళ తెమ్మంటరు. ఒక్కటి ఎక్కువ తీసి పెట్టుకోండ్రి." అతను వెళ్ళిపోయాక నా వైపు తిరిగింది.

"గా ఆపరేటర్, సంగతి తెలిసి గూడ ఎవరికీ ఎందుకు చెప్పలేదంటవ్?" అని అడిగాను.

ఆమె కొంచెం ఆలోచించింది. "చెప్తే ఎవరు నమ్ముతరు ఆపా? కిందోడు చెప్పింది మీదోని నోట్లకెంచే మీదికి పోవాలె గద. మా ఆయన బావిల గూడ గంతే."

ఎన్నేళ్ళుగా ఆ నవల నాతో ఉందో, అన్నేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూశాను. అక్కడే, ఆ స్టూలు మీదే చెప్పేశాను. పెట్టె ఉంది, అందులో ఇలాంటివి నిండా ఉన్నాయి, అన్నీ నీకే పంపుతాను, వరుసగా చదువు, చదివినప్పుడల్లా ఫోన్ చెయ్యి. ఆమె తల ఊపింది. సంతోషంతో ఊపింది అనుకున్నాను. పుస్తకం సంచిలో వేసుకొని బస్సెక్కాను. ఆ ప్రయాణంలో కూడా కిటికీలోంచి అంతే కనబడింది. అయినా బాధ అనిపించలేదు.

హన్మకొండ బస్టాండ్‌లో జనగామ బస్సు ఆలస్యం. ఎండ బాగా పడుతున్న చోట బెంచీ మీద కూర్చున్నాను. ఆ చివరి పేజీ చదువుకోవాలనిపించింది. మంచి కబురు విన్నాక మనిషి తీపి తిన్నట్టు, ఆ పేజీ తినాలనిపించింది. సంచిలోంచి భూతద్దం తీసి, వేలు పెట్టి, మాట మాటగా చదివాను. వంటవాడు వెనక్కి చూడకుండా నడిచాడు. కుక్క అతని వెంట నడిచింది. మలుపు వచ్చింది. ఇద్దరూ మలుపు దాటారు. కింద ఖాళీ.

కుక్క ఆగలేదు. తిరిగి చూడలేదు.

కన్ను తప్పిందనుకొని మళ్ళీ చదివాను. ముందు పేజీ చదివాను, దానికి ముందు పేజీ చదివాను. పేజీ ఏమైనా చిరిగిందేమోనని అంచులు తడిమాను. ఏదీ చిరగలేదు. కుక్క ఆగి చౌకీ వైపు చూడటం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది నాది. చాలా ఏళ్ళ కింద చదివి, మనసులో తిప్పుకుంటూ, తిప్పుకుంటూ, నేను చేర్చుకున్నది. జనగామ సమావేశంలో కోపంతో లేచి చెప్పింది కూడా అదే. అది నా నోటిలోంచి తప్ప ఈ లోకంలో ఇంకెక్కడి నుంచీ రాదు.

భూపాలపల్లి చెల్లెకు కుక్క తిరిగి చూడటం తెలుసు.

అప్పుడు నాకు కొత్తగూడలో ఒక గూడెం గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నామె ఒకతె, "నల్లగనే అయితాంది అక్కా" అని నేను అడగకముందే చెప్పింది. నేను ఆమె కింది కంటిరెప్ప లాగి చూశాను. తెల్లగా, ఉతికిన గుడ్డలా ఉంది. ఇంటి కప్పు గడ్డిలో చెయ్యి పెడితే గోలీల పట్టీలు దొరికాయి, ఒక్కటీ చింపలేదు. నేను అరిస్తే ఆమె తల దించుకొని చెప్పింది. "మా వదినె చెప్పుమన్నది. గంత దూరం నడిసొస్తవు గదా, లేదంటే నీ మనసు కష్టమైతదని." ఆ తర్వాత ఏ గూడెం పోయినా అందరికీ నల్లగానే అయింది. నా ప్రశ్న నాకంటే ముందు నడిచి పోయేది.

ప్రశ్న మార్చాలని అప్పుడూ నాకు తోచలేదు.

బెంచీ మీద నుంచే భూపాలపల్లికి ఫోన్ చేశాను.

"ఆపా, ఇంటికి ముట్టిండ్రా?"

"కుక్క మళ్ళి చూస్తదని నీకెవరు చెప్పిండ్రు?"

అవతల జిరాక్స్ మిషను తిరుగుతున్న చప్పుడు వినబడింది. తర్వాత అది ఆగింది.

"మానుకోట షావుకారమ్మనా?" అన్నాను.

"ఆపా, సగం దాకనైతే చదివిన. అల్లా కసమ్. గా మంచు తుపాను వచ్చేదాక. దుకాణంల కూసుంటే ఒక్క పేజీ నిమ్మలంగ తిరగది. ఇంటికి పోతే కండ్లు మూతపడ్తయి."

"మరి నువ్వే అడిగి తెప్పిచ్చుకుంటివి గద."

"ఆమెనే అడుగుమన్నది." గొంతు తగ్గించింది. "మీకు కండ్లు పోతున్నయట గద. ఎవరో ఒకరు చదివిండ్రంటే మీకు జర నిమ్మలమైతదని చెప్పింది. అందరు గూడ గదే అనుకున్నరు."

అందరూ. అంటే నేను లేని చోట వాళ్ళు నా కళ్ళ గురించి మాట్లాడుకున్నారు. పెద్దాయనతో సహా కూర్చొని, నాకు ఎవరు చదివినట్టు చెప్పాలో నిర్ణయించుకున్నారు. నా ముందు నవ్వినవాళ్ళ మీద నాకు కోపం ఉంది, దాన్ని మోయడం నాకు అలవాటు. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కసురుకోవడానికి కూడా ఏమీ లేదు.

"ఆపరేటర్ సంగతి చెప్పినవ్ గద," అన్నాను. "కిందోడు చెప్పింది మీదోని నోట్లకెంచే పోవాలెనని. గది గూడ ఆమెనే చెప్పిందా?"

"లే ఆపా, గది నాదే."

అది నిజమేనని నమ్మాను. అందువల్ల ఇంకా కష్టమైంది. చదివితే చదవగల మనిషి.

"పెట్టె..." అన్నాను.

"పెట్టె ఇప్పుడే పంపకుండ్రి ఆపా," అంది వెంటనే, నొప్పి తగలకుండా కట్టు విప్పేటప్పుడు మేం నర్సులం మాట్లాడినట్టు. "కాగితం కట్టలు పెట్టుకునెటందుకే జాగ లేదు. మీరు చూసిండ్రు గద."

చూశాను. నిజంగానే లేదు.

బస్సు వచ్చింది. బోర్డు చదవమని ఎవరినీ అడగలేదు. డ్రైవర్ దగ్గరికే పోయి జనగామేనా అని అడిగి ఎక్కాను.

కూటమి మానేశాననుకుంటారేమో. మానలేదు. నేను మానేస్తే వాళ్ళకు నిమ్మళంగా ఉంటుంది, అది నాకు ఇష్టం లేదు. నా వంతు వచ్చినప్పుడు జలాంతర్గామి నవల గురించి గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను. పెద్ద సందేశమే అది. సముద్రం అడుగున ఇంజన్ ఆపేసి, శత్రువు ఓడ తల మీద నుంచి పోయేదాకా, ఒక్క చెంచా కూడా కింద పడకుండా కూర్చునే మనుషుల గురించి చెప్పాను. ఈసారి ప్రశ్న పెట్టలేదు. అది వినడం పూర్తయ్యేంత సమయం కాకముందే బొటనవేళ్ళ బొమ్మలు వరుసగా వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మ పెద్దాయన పెట్టారు. కింద ఒక మాట కూడా రాశారు. "చాలా బాగా చెప్పారు తల్లీ. తప్పక చదువుతాం." తర్వాతి సమావేశానికి బీపీ మిషన్ తీసుకుపోయాను. పట్టీ చుట్టాను. అంకె కనబడక, షావుకారమ్మను చదివి చెప్పమన్నాను. ఆమె చెప్పింది. నేను ఉప్పు తగ్గించమన్నాను. కుక్క గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు.

పుస్తకం ఇంటికి వచ్చేసింది. భూపాలపల్లి చెల్లె పెట్టిన ఫోటో కాగితం ముక్క ఇంకా మంచు తుపాను పేజీ దగ్గరే ఉంది. దాన్ని తీయలేదు.

ఇప్పుడు పొద్దున ఎండ వాకిట్లోకి రాగానే కుర్చీ వేసుకొని ఆ చివరి పేజీ తీస్తాను. భూతద్దం పెట్టి చదివి, కళ్ళు మూసుకొని అప్పజెప్పుకుంటాను. అచ్చులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట చేర్చకుండా. వంటవాడు వెనక్కి చూడకుండా నడుస్తాడు. కుక్క అతని వెంట నడుస్తుంది. మలుపు వస్తుంది. అక్కడ ప్రతిరోజూ కుక్క ఆగుతుంది. చౌకీ వైపు తిరుగుతుంది. కళ్ళు తెరిచి మళ్ళీ పేజీ చూస్తాను. పేజీలో అది ఆగకుండా పోయింది.

తప్పని చెప్పే మనిషి ఒక్కరు ఉంటే చాలనుకున్నాను. పేజీ కనబడినన్నాళ్ళు ఆ పని పేజీయే చేస్తుంది. ఆ తర్వాత కుక్క తిరిగి చూస్తూనే ఉంటుంది, కాదనేవాళ్ళు ఉండరు.